పదకొండు ఒకట్లు

రాంగోపాల్‌పేట్, సికింద్రాబాద్
2 ఆగస్టు 1948

లెక్కల పండితుడూ, మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడూ అయిన బ్రహ్మచారికి,

నీ బావ భద్రయ్య ఇంకా బతికే ఉన్నాడని తెలియజేయడమైనది. ఈ వార్త నీకెంత కష్టం కలిగించినా ఓర్చుకో.

నువ్వు బెజవాడ రైలెక్కి నెల దాటింది. ఇక్కడ నా తాళాల దుకాణం ఎన్నడూ లేనంత జోరుగా నడుస్తోంది. ఊరు వదిలేవాడు ప్రతివాడూ ఒక తాళం కొంటున్నాడు. వదలనివాడు రెండు కొంటున్నాడు. ముందు తలుపుకు బయట తాళం వేసి, పెరటి గోడ దూకి లోపలికొచ్చి, ఊళ్లో లేనట్టు నటిస్తున్నాడు. మొన్న మన వీధిలో నలభై ఇళ్లకు తాళాలు లెక్కపెట్టాను. అందులో ముప్పై ఇళ్లలో పోపు వాసన వస్తోంది.

పందెం మరచిపోలేదు కదా? స్టేషనులో నీ ట్రంకు పెట్టె మీద సుద్దముక్కతో నేను పదకొండు నిలువు గీతలు గీస్తే, నువ్వు కళ్లజోడు తుడుచుకుని, "బావగారూ, అవి గీతలు కావు. పదకొండు ఒకట్లు. వెయ్యిన్నీ నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు" అన్నావు. రైలు కదిలేదాకా ఆ సంఖ్యను చదువుతూనే ఉన్నావు. ఒకటీ, అదీ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యను పట్టలేకపోతే మీసం తీసేస్తానన్నావు. పడితే, నా బామ్మర్ది నాకన్నా తెలివైనవాడని కాగితం మీద రాసి సంతకం పెడతానని నేనన్నాను. నా చేత ఆ కాగితం రాయించడం కన్నా ఆ సంఖ్యను పగలగొట్టడం సులభం. కష్టపడు.

నీకు పోటీగా మన పక్క దుకాణం దర్జీ సుభాన్‌ను దింపాను. చదివింది నాలుగో తరగతి. కానీ బట్ట తానులో ఎన్ని చొక్కాలొస్తాయో చూపుతోనే చెప్పే మనిషికి భాగహారం నేర్పాలా? నీకన్నా ముందు అతను పడితే నీ మీసం అతని కత్తెరకే. సంఖ్యను ఒక చీటీ మీద గీసి, పైన నా అలవాటు ప్రకారం "పరమ రహస్యం. చదివి చింపేయవలెను" అని రాసి ఇచ్చాను. కొత్తిమీర తెమ్మనే చీటీ మీద కూడా నేనలాగే రాస్తానని నీకు తెలుసు. సుభాన్ దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. పోయినవారం రజాకార్లు ఒక ఖాకీ తాను పడేసి, "శుక్రవారం జుమ్మాకు ఇరవై చొక్కాలు" అని చెప్పి పోయారు. కాదనడానికి అతనికి ధైర్యం లేదు. నాకు మాత్రం ఉందా? చొక్కాకూ చొక్కాకూ మధ్య భాగహారం చేస్తున్నాడు.

మీ అక్క శారదమ్మ కులాసా. నన్ను తిట్టడంలో ఏ లోటూ చేయడం లేదు.

నీ మీసం మీద కన్నేసిన బావ,
భద్రయ్య

---

గవర్నర్‌పేట, బెజవాడ
17 ఆగస్టు 1948

బావగారికి నమస్కారాలు. అక్కయ్యకు ప్రత్యేకంగా నమస్కారాలు, ఎందుకంటే మీతో కాపురం చేస్తోంది.

ముందుగా ఒక ఫిర్యాదు. జూలైలో మీరు రాసిన ఉత్తరంలో నా ఇంటి తాళం పగలగొట్టారనీ, నా లెక్కల పుస్తకాలన్నీ మోండా మార్కెట్‌లో పల్లీల పొట్లాలయ్యాయనీ రాశారు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు వచ్చిన కార్డులో "అది వేళాకోళం, అన్నం తిను" అని ఉంది. ఇకమీదట మీరు రాసింది ఏదైనా సరే, రుజువు లేకుండా నమ్మేది లేదు. ఇది కోపంతో అంటున్నది కాదు, పద్ధతిగా తీసుకున్న నిర్ణయం.

ఇక సంఖ్య. అంకెల మొత్తం పదకొండు కనుక మూడుతో పోదు. ఒకట్లు పదకొండు ఉన్నాయి కనుక పదకొండుతో పోతుందని మీరు అనుకుంటూ ఉంటారు. పోదు, ఒకటి మిగులుతుంది. ఏడుతో రెండు మిగులుతుంది. లక్షా అయిదు వేల నాలుగు వందల దాకా వెతకాలి, అంతలో దొరక్కపోతే ఇక ఎక్కడా దొరకదు. అయితే అన్నింటితోనూ భాగించనక్కర్లేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలి తీరాలి. అంటే 23, 67, 89, 199 ఇలా. పదింటిలో తొమ్మిదింటిని చూడకుండానే పక్కన పెట్టవచ్చు. ఈ కిటుకు సుభాన్ గారికి తప్పక చెప్పండి. పోటీ అంటే సమానంగా ఉండాలి.

ఇక్కడ ఒక సత్రం వరండాలో పదిమందికి ట్యూషన్లు చెబుతున్నాను.

బ్రహ్మచారి

---

రాంగోపాల్‌పేట్
2 అక్టోబరు 1948

పద్ధతిగా నిర్ణయాలు తీసుకునే బామ్మర్దికి,

రాజ్యం మారిన సంగతి నీకు పత్రికల్లో తెలిసే ఉంటుంది. మాకు మాత్రం చెత్తకుప్పల్లో తెలిసింది. సెప్టెంబరు పదిహేడు సాయంత్రానికి ఖాకీ చొక్కా తొడిగినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు, కానీ ప్రతి కుప్ప మీదా ఒక ఖాకీ చొక్కా ఉంది. మొదటినుంచీ మేం కాంగ్రెసేనని చెప్పుకునేవాళ్ల సంఖ్య రాంగోపాల్‌పేట్ జనాభాను దాటిపోయింది. ఆగస్టులో ఖాకీ కుట్టిన మిషన్ మీదే సుభాన్ మూడు రంగుల జెండాలు కుట్టాడు. మొన్నటిదాకా ఖాకీకి కొలతలిచ్చిన షావుకారే వచ్చి, "జెర పెద్దగ కుట్టు సుభాన్, నా దుకాణం మీదిది అందరికంటె పెద్దగ కనబడాలె" అన్నాడు.

పోయిన సోమవారం సుభాన్‌ను పట్టుకుపోయారు. రజాకార్లకు చొక్కాలు కుట్టాడని ఎవరో వెళ్లి చెప్పారు. ఎవరో నాకు తెలుసు. అతని చొక్కా కొలతలు కూడా సుభాన్ పుస్తకంలో ఉన్నాయి. చొక్కాలు కుట్టిన దర్జీలందరినీ రెండు రోజుల్లో వదిలేశారు. సుభాన్‌ను మాత్రం వదల్లేదు. ఎందుకో తెలుసా? జేబులో నా చీటీ దొరికింది. పదకొండు గీతలు, పైన "పరమ రహస్యం". పదకొండు తుపాకులు ఎక్కడో దాచారని వాళ్ల అనుమానం.

ఇందులో తమాషా వినిపించనా? ఆగస్టులో నిజాం జవాను ఒకడు ఇదే చీటీ చూసి, ఇవి కాంగ్రెసోళ్ల తుపాకులా అని సుభాన్‌ను గద్దించాడట. గుండీల లెక్క అని చెప్పి తప్పించుకున్నాడు. ఇప్పుడు ఇండియన్ యూనియన్ సైన్యం వాళ్లు ఇవి రజాకార్ల తుపాకులా అంటున్నారు. ఆ సర్కారూ ఈ సర్కారూ ఒకే పంతులు దగ్గర లెక్కలు నేర్చుకున్నట్టున్నాయి. ఆ పంతులు నువ్వు కాదు కదా?

నీ భాగహారం తేలితే వెంటనే పంపు, ఇది తుపాకుల లెక్క కాదని చూపించాలి. సుభాన్ నీ పలక మీద వేలాడుతున్నాడు.

భద్రయ్య

---

బెజవాడ
11 అక్టోబరు 1948

బావగారికి,

సుభాన్ గారి అరెస్టు కథ చదివాను. నా పుస్తకాలు పల్లీల పొట్లాలైన కథ కన్నా చాలా మెరుగ్గా ఉంది. రెండు ప్రభుత్వాలూ ఒకే చీటీకి భయపడటం అన్నది మరీ బాగుంది. మీలాంటివారికి తప్ప ఇంకొకరికి తోచదు. అప్పటికి సైన్యం దిగి పట్టుమని పది రోజులు కాలేదు, వాళ్లకు పదకొండు ఒకట్లు చూసి కంగారుపడే తీరిక ఎక్కడిదండీ?

సంతోషవార్త ఏమిటంటే, ఈ నెల అయిదో తేదీన నాకు జవాబు దొరికింది. సంఖ్య పగిలింది. రెండు ముక్కలైంది. ఆ ముక్కలు ఏమిటో మాత్రం చెప్పను. చెబితే సుభాన్ కనిపెట్టాడని ఊరంతా చాటి నా మీసానికి కత్తెర పంపుతారు. ఈ అరెస్టు నాటకమంతా అందుకేనని నాకు తెలియదా? జవాబును కవరులో పెట్టి లక్క వేశాను. ఓడిపోయానని రాసి సంతకం పెట్టి పంపండి, లక్క విప్పుతాను.

నాటకంలో వేషం వేసినందుకు సుభాన్ గారికి నా అభినందనలు.

బ్రహ్మచారి

---

రాంగోపాల్‌పేట్
20 అక్టోబరు 1948

ఒరేయ్ లక్క ముద్దా,

నీ కవరు మీద పిడుగు పడ! నాటకమా ఇది? నేను చెప్పేది విను.

మొన్న ఆ చీటీ రాసింది నేనేనని చెప్పుకోవడానికి మిలటరీ ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. కుర్రవాడు, గుంటూరు వైపు మనిషి. "ఏమయ్యా, ఏమిటీ గీతలు?" అన్నాడు. లెక్క అన్నాను. "లెక్కకు రహస్యం ఏమిటి?" అలవాటు అన్నాను. నవ్వు ఆపుకోలేకపోయాను కూడా. నా ముఖమే అంత, ఏం చేయను? "వీడు మనల్ని ఆడిస్తున్నాడు, బయటికి తోయండి" అన్నాడు.

మర్నాడు సాక్షుల్ని తీసుకుపోయాను. ఆకుకూరల లచ్చమ్మనూ, రైల్వే గేటు జకర్యానూ. ఆఫీసరు లచ్చమ్మను అడిగాడు, ఈ మనిషి చెప్పేది నమ్మవచ్చా అని. ఆ మహాతల్లి ఏమన్నదో విను. "భద్రయ్య చెప్పిండా? గట్లయితే అబద్ధమే సారూ. పోయినేడు నీ బర్రె ఈనిందే లచ్చమ్మా అని చెప్పి నన్ను చిలకలగూడ దాక ఉరికిచ్చిండు. నాకు బర్రే లేదని సగం తొవ్వల యాదికొచ్చింది." జకర్యా బైబిలు మీద ప్రమాణం చేసి మరీ చెప్పాడు: "ఇరవై ఏండ్ల సంది ఎరుకనయ్యా. ఒక్కపాలి సుత నిజం చెప్పలే. మంచోడే గానీ." ఇద్దరినీ నేనే బతిమాలి తీసుకెళ్లాను, చూడు.

ఆఫీసరు అప్పుడొక మాటన్నాడు. "నేనూ బీఎస్సీలో లెక్కలు చదివానయ్యా. నువ్వన్నట్టు ఇది భాగహారమే అయితే, ఈ దర్జీ రెండు నెలలు వెతికాడు కదా, దొరికిందేది? జవాబు తీసుకురా, నేనే గుణించి చూస్తాను. జవాబు లేని లెక్కకూ, దాచిన తుపాకుల జాబితాకూ తేడా నాకెలా తెలుస్తుంది?" నవంబరు నెలాఖరులో, ఇంకా వదలని ఖైదీలందర్నీ ఎక్కడో దూరం జైలుకు పంపుతారట. పంపితే ఎప్పుడొస్తారో, అసలొస్తారో రారో.

ఓడానని రాయమంటావా? చచ్చినా రాయను. నా బామ్మర్దివి కనుక మర్యాదగా అడుగుతున్నాను, ఆ ముక్కలు పంపు.

భద్రయ్య

---

బెజవాడ
29 అక్టోబరు 1948

బావగారికి,

మర్యాదగా అడిగే ఉత్తరం "ఒరేయ్ లక్క ముద్దా" అని మొదలవుతుందని ఇంతకాలం తెలియదు.

లచ్చమ్మ బర్రె దగ్గర ట్యూషను పిల్లలు కూడా పడీ పడీ నవ్వారు. మిలటరీ ఆఫీసరు బీఎస్సీ లెక్కలు చదివి ఉండటం, జవాబు కోసమే పట్టుబట్టడం, అందుకు గడువు కూడా పెట్టడం, ఇవన్నీ మీకు ఎంత బాగా కలిసొచ్చాయి! మీరు ఓడినట్టు రాయకుండా జవాబు రాబట్టడానికి ఇంతకన్నా మంచి కథ అల్లలేరు.

కాగితం పంపండి. కవరు లక్కతో క్షేమంగా ఉంది.

బ్రహ్మచారి

---

రాంగోపాల్‌పేట్
5 నవంబరు 1948

నాయనా బ్రహ్మచారీ,

పందెం నేను ఓడిపోయాను. నువ్వు నాకన్నా తెలివైనవాడివి. ఈ మాట భద్రయ్య అనే నేను నా చేత్తో రాసి సంతకం పెట్టాను.

ఇంకొక సంగతి రాయాలి. ఇరవై రెండు కిటుకు సుభాన్‌కు చెప్పమని ఆగస్టులో రాశావు. నేను చెప్పలేదు. అతను ప్రతి సంఖ్యతోనూ భాగిస్తూ, వేళ్లు సుద్ద చేసుకుని, తల పట్టుకుంటే చూడటానికి నాకు సరదాగా ఉండేది. రోజూ వెళ్లి చూసి నవ్వుకుని వచ్చేవాడిని. చెప్పి ఉంటే ఆగస్టు నెలాఖరుకే జవాబు పట్టేవాడు. పట్టాక చీటీ చింపేసేవాడు. ఈ సంగతి అతనికి తెలియదు.

అతని భార్య ఖమర్ బీ రోజూ పొద్దున్నే వచ్చి నా దుకాణం అరుగు మీద కూర్చుంటుంది. పన్నెండు గంటలకు లేచి వెళ్తుంది. మీ అక్క నాతో మాట్లాడటం మానేసి పది రోజులైంది.

ఈ నెల ఇరవై ఎనిమిదిన వాళ్లను బండి ఎక్కిస్తారు. నీకు వీలైతే పంపు.

ఇట్లు,
భద్రయ్య

---

బెజవాడ
12 నవంబరు 1948

బావగారికి,

మీ ఉత్తరం ఈ మధ్యాహ్నం అందింది. మొదటి అక్షరం నుంచి సంతకం దాకా మూడుసార్లు వెతికాను. ఒక్క ఎత్తిపొడుపు కూడా దొరకలేదు. వెంటనే కవరు లక్క పగలగొట్టాను. ఇన్నేళ్లలో మీ దగ్గరినుంచి అలాంటి ఉత్తరం రాలేదు.

జవాబు ఇది: 21649, 513239. ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదిని అయిదు లక్షల పదమూడు వేల రెండు వందల ముప్పై తొమ్మిదితో గుణిస్తే పదకొండు ఒకట్లు వస్తాయి. ఈ రెండూ ఇక ఏ సంఖ్యతోనూ పగలవు. గుణకారం అయిదు వరుసల్లో వెనక పక్క రాశాను. ఆఫీసరుకు ఇచ్చే కాగితం విడిగా పెట్టాను, అందులో నా చిరునామా కూడా ఉంది. కావాలంటే నన్ను పిలిపించమనండి, వస్తాను.

నెలా ఏడు రోజులు ఇది నా పెట్టెలో ఉంది. రోజూ ఆ కవరు చూసుకుని మురిసిపోయాను. నేను పంతులునండీ, పద్ధతి ప్రకారమే నడిచాను. ఆ పద్ధతి వల్ల ఒక మనిషి జైల్లో ఉన్నాడు. ఖమర్ బీ గారికి ఈ మాట చెప్పండి. మీ తప్పు సగమే అని కూడా చెప్పండి.

మీరు పంపిన కాగితం చింపేశాను.

బ్రహ్మచారి

---

రాంగోపాల్‌పేట్
14 డిసెంబరు 1948

బ్రహ్మచారికి,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకు. సుభాన్ ఇంటికొచ్చి మూడు వారాలైంది.

నీ కాగితం పట్టుకుపోతే ఆఫీసరు నీ వరుసల్ని నమ్మలేదు. తనే కూర్చుని గుణించాడు. పదకొండు ఒకట్లు వచ్చాయి. గుమాస్తాను గుణించమన్నాడు. వాడికి పది ఒకట్లూ ఒక రెండూ వచ్చాయి. "సార్, ఒక తుపాకీ ఎక్కువుంది" అన్నాడు. వాడి తప్పును ఆఫీసరు ఎర్ర సిరాతో దిద్దాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. గుమాస్తా ఫైలు మూయకుండా, "ఇంతకుముందు ఒక్క రహస్యం సంఖ్యే ఉండేది సార్. ఇప్పుడు మూడైనవి. ఈ కొత్త రెండూ ఏ ఖానాల రాయాలె?" అని అడిగాడు. నీ 21649, 513239 ఇప్పుడు సర్కారు ఫైల్లో మూడు ప్రతుల్లో భద్రంగా ఉన్నాయి. మీసం కన్నా పెద్ద గౌరవం.

వదలాలంటే పూచీ సంతకం కావాలన్నారు. నమ్మకమున్న మనిషి పెట్టాలి. నేను ముందుకొచ్చి కలం అందుకున్నాను. ఆఫీసరు నా చేతిలోంచి కలం తీసుకుని, "నువ్వు తప్ప ఇంకెవరైనా" అన్నాడు. జకర్యా పెట్టాడు. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

సుభాన్ చిక్కిపోయి వచ్చాడు. మొదటి మాటగా, "దొరికిందా భద్రన్నా?" అన్నాడు. చెప్పాను. "నేను పన్నెండు వేల దాక వచ్చిన. ఇంక తొమ్మిది వేలే ఉండె" అని ఏదో లెక్క వేసుకున్నాడు. అప్పుడు ఇరవై రెండు సంగతి కూడా చెప్పేశాను. అక్కడే, గేటు దగ్గరే. లేకపోతే ఎప్పటికీ చెప్పనని భయమేసింది. అతను నా ముఖం వైపు చాలాసేపు చూశాడు, నవ్వుతున్నానా అని వెతుకుతున్నట్టు. తర్వాత ఖమర్ బీతో కలిసి వెళ్లిపోయాడు. ఆ వారమంతా గోడకు అవతల మిషన్ చప్పుడు వినిపించింది, మనిషి గొంతు వినిపించలేదు.

వదిలేశారన్న మాటేగానీ, ప్రతి సోమవారం ఠాణాకు వెళ్లి రిజిస్టరులో సంతకం చేయాలట. ఎన్నాళ్లో చెప్పలేదు. మొదటి సోమవారం నేను కూడా వెనకాల వెళ్లాను. ఠాణా జవాను, "నువ్వెవ్వనివి?" అన్నాడు. "ఆ చీటీ రాసినోణ్ణి. నా పేరు సుత రాసుకోండ్రి" అన్నాను. వాడు రిజిస్టరు పైనుంచి కిందిదాకా చూశాడు. "నీ పేరు ఇందుల లేదు. జరుగు, జరుగు, ఎన్క ఇంకొకడున్నడు."

చూశావా బామ్మర్దీ? రాసింది భద్రయ్య, రహస్యమన్నది భద్రయ్య, నవ్వింది భద్రయ్య. జేబు మాత్రం సుభాన్‌ది. రిజిస్టరులో జేబు పేరే ఉంది. ఖాకీకి కొలతలిచ్చిన షావుకారు పేరు కూడా అందులో లేదు. అతనిప్పుడు శాంతి కమిటీలో ఉన్నాడు.

రెండో సోమవారం కూడా వెళ్లాను. అతను ముందు, నేను పది అడుగులు వెనక. ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు. దారంతా నాకు తోచిన వేళాకోళాలు నాలుగైదు మింగేశాను.

నిన్న మూడో సోమవారం. సంతకం అయ్యాక వస్తుంటే మోండా మార్కెట్ మలుపులో సుభాన్ ఆగి, చెప్పు తెగినట్టు వంగి చూసుకున్నాడు. నేను తాళాలు బాగుచేసేవాణ్ణి, ఏది తెగిందో ఏది తెగలేదో దూరం నుంచే తెలుస్తుంది. ఆ చెప్పుకు ఏమీ కాలేదు. నేను పక్కకొచ్చేదాకా అలాగే వంగి ఉన్నాడు. తర్వాత లేచి నడిచాడు. ఇంటిదాకా ఇద్దరం పక్కపక్కనే నడిచాం.

వచ్చే సోమవారం దుకాణం ఆలస్యంగా తీస్తానని మీ అక్కకు చెప్పాను. సరే అన్నది.

భద్రయ్య